విండోస్ 10 లోనే ఉండాలా, 11 కి మారాలా? ఐ5-8400, హెచ్310 బోర్డు, విశాఖ ఎంవీపీ కాలనీ

సాగరతీరం

అందరికీ నమస్కారం. ఇంట్లో డెస్క్‌టాప్‌ని విండోస్ 11 కి మార్చాలా, 10 మీదే నడపాలా అన్నది తేల్చుకోవాలి. మీరు అడగబోయే వివరాలన్నీ ముందే రాసేస్తున్నాను.

ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-8400, హెచ్310 బోర్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, అందులో సీ, డీ, ఈ అని మూడు డ్రైవులు. పాత జీటీ 610 గ్రాఫిక్స్ కార్డు ఉంది. విండోస్ 10 హోమ్, 22హెచ్2, 64 బిట్. పీసీ హెల్త్ చెక్ యాప్ పెడితే ఈ కంప్యూటర్ 11 కి పనికిరాదంటోంది. టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే భద్రతా భాగం), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) రెండిటి దగ్గరా ఎర్ర గుర్తు. ప్రాసెసర్ దగ్గర మాత్రం పచ్చ గుర్తే.

వాడకం ఇదీ: డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్‌తో నెలనెలా జీఎస్‌టీ దాఖలు, టాలీ ప్రైమ్, కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటరు, అను స్క్రిప్ట్ మేనేజర్‌తో పేజ్‌మేకర్‌లో తెలుగు కరపత్రాలు. పిల్లల చదువంతా బ్రౌజర్‌లోనే. ఇంటికి సముద్రపు గాలి నేరుగా కొడుతుంది. వీటిలో ఏ ఒక్కటి ఆగినా ఇబ్బందే.

చిప్‌సెట్ మాస్టారు

మారండి. మీ మెషిన్‌కి ఆ అర్హత పూర్తిగా ఉంది. 8వ తరం ఇంటెల్ నుంచి మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్నాయి, మీది సరిగ్గా ఆ గీత మీదే ఉంది. ఆ రెండు ఎర్ర గుర్తులూ బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెర) మూసి ఉన్న సెట్టింగుల వల్ల వచ్చినవి, పార్టు లేక కాదు.

టీపీఎం కోసం విడిగా చిప్ కొనక్కర్లేదు. ఇంటెల్ బోర్డుల్లో ఆ పని చేసే పీటీటీ అనే ఆప్షన్ ఉంటుంది, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అంటారు. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే డెల్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్ విభాగంలో పీటీటీని ఎనేబుల్ చెయ్యండి. తిరిగి విండోస్‌లోకి వచ్చి రన్ బాక్స్‌లో (విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చేది) టీపీఎం.ఎంఎస్‌సీ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనపడాలి.

సెక్యూర్ బూట్ సంగతి కొంచెం పెద్దది. రన్ బాక్స్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 కొట్టి, బయోస్ మోడ్ ఎదురుగా ఏముందో చూసి చెప్పండి. లెగసీ (పాత బూట్ పద్ధతి) అని ఉంటే డిస్క్ పార్టిషన్ల పట్టిక పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉన్నట్టు. దాన్ని కొత్త పట్టిక పద్ధతి జీపీటీకి మార్చకుండా బయోస్‌ని కొత్త బూట్ పద్ధతి యూఈఎఫ్‌ఐకి తిప్పితే విండోస్ అసలు బూట్ కాదు. అందుకే చెబుతున్నా, ఇక్కడ వరస ముఖ్యం.

ఇంకో మాట. హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 వెయ్యకండి. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టాకే మొదలెట్టండి.

సాగరతీరం

చూశాను మాస్టారూ. బయోస్ మోడ్ లెగసీ అనే ఉంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ రెండూ ప్రైమరీ. డీ, ఈ మాత్రం పచ్చ గీత లోపల లాజికల్ డ్రైవ్ అని చూపిస్తున్నాయి.

చిప్‌సెట్ మాస్టారు

అసెంబుల్డ్ మెషిన్లలో డిస్క్‌ని మూడు ముక్కలు చేసి ఇచ్చినప్పుడు ఇలాగే ఉంటుంది. విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీ టూలు ఎక్స్‌టెండెడ్, లాజికల్ పార్టిషన్లున్న డిస్క్‌ని మార్చదు. ప్రైమరీ పార్టిషన్లు కూడా మూడుకు మించకూడదు. అంటే మీ హార్డ్ డిస్క్ మీద ఈ పని సాగదు, సాగనవసరమూ లేదు. ఎస్‌ఎస్‌డీ పెట్టమన్నది వేగం కోసమే కాదు, ఈ చిక్కు దానితోనే విడిపోతుంది. ఇలా చెయ్యండి.

ముందు డీ, ఈ లలో ఉన్నవన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ తీసుకోండి. ఎస్‌ఎస్‌డీని సాటా కేబుల్‌కి తగిలించి, క్లోనింగ్ టూలుతో (డిస్క్‌కి ఉన్నదున్నట్టు నకలు తీసేది) సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ ఈ రెండే అందులోకి దింపండి. డీ, ఈ లను కలపొద్దు. ఎస్‌ఎస్‌డీ కంపెనీలు కొన్నవాళ్లకి ఉచితంగా ఇచ్చే టూలు వాడుకోవచ్చు, కానీ అందులో పార్టిషన్లు విడిగా ఏరుకునే వీలుందో లేదో ముందు చూసుకోండి. క్లోన్‌జిల్లా అనే ఉచిత టూలు మామూలు పద్ధతిలో పెద్ద డిస్క్‌ని చిన్నదాంట్లోకి దింపదు. సీ ని డిస్క్ చివరిదాకా సాగదీయకుండా కొంత చోటు ఖాళీగా ఉంచండి. జీపీటీ పట్టిక రెండో ప్రతి డిస్క్ చివర్లోనే కూర్చుంటుంది.

క్లోనింగ్ అవగానే కంప్యూటర్ ఆపి, హార్డ్ డిస్క్ కేబుల్ పీకేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితో బూట్ చెయ్యండి. రెండూ కలిపి ఉంచితే రెండిటికీ ఒకే డిస్క్ సంతకం ఉంటుంది కాబట్టి విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది, డ్రైవు అక్షరాలూ తారుమారవుతాయి.

ఇక మార్పిడి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా కొట్టండి:

ఎంబీఆర్2జీపీటీ /వాలిడేట్ /అలౌఫుల్‌ఓఎస్

ఇది ఏమీ మార్చదు, వీలవుతుందో లేదో మాత్రమే చూస్తుంది. వాలిడేషన్ పూర్తయిందని వస్తేనే, వాలిడేట్ ఉన్న చోట కన్వర్ట్ పెట్టి మళ్లీ కొట్టండి. ఒకటి రెండు నిమిషాల పని. చివర్లో రీఏజెంట్.ఎక్స్‌ఎంఎల్ అప్‌డేట్ కాలేదని వస్తే కంగారు పడకండి. రికవరీ ఎన్విరాన్‌మెంట్ దారి మారినందువల్ల అలా వస్తుంది. తర్వాత రీఏజెంట్‌సీ /డిసేబుల్, ఆ వెంటనే రీఏజెంట్‌సీ /ఎనేబుల్ కొడితే సర్దుకుంటుంది. వాలిడేషనే తప్పితే సీ డ్రైవులో విండోస్ ఫోల్డరులోని సెటప్‌యాక్ట్ లాగ్ ఫైలు చూడండి, కారణం అందులో రాసి ఉంటుంది.

మార్పిడి అవగానే రీస్టార్ట్ చేసి నేరుగా బయోస్‌లోకే వెళ్లాలి. సీఎస్‌ఎం (పాత లెగసీ బూట్‌ని నడిపించే ఆప్షన్) డిసేబుల్, బూట్ మోడ్ యూఈఎఫ్‌ఐ. ఈ దశ మరిచిపోతే బూట్ డివైస్ లేదని తెర మీద వస్తుంది. డేటా పోయినట్టు కాదు, మళ్లీ బయోస్‌కి వెళ్లి ఇదే మార్చండి.

డాబాగార్డెన్స్ డీటీపీ

మాస్టారూ, సీఎస్‌ఎం తీసేముందు ఆ జీటీ 610 సంగతి చెప్పాలి కదా. ఆ కాలం కార్డుల్లో చాలావాటికి యూఈఎఫ్‌ఐలో బొమ్మ చూపించే జీఓపీ భాగం ఉండదు. సీఎస్‌ఎం ఆపగానే తెర నల్లగా ఉండిపోతుంది, బోర్డు చెడిపోయిందనుకుని షాపుకి మోసుకెళ్లేవాళ్లున్నారు. సాగరతీరం గారూ, ఐ5-8400 లోనే గ్రాఫిక్స్ ఉంది. ముందు కార్డు తీసేసి మానిటర్ కేబుల్‌ని బోర్డు వెనక పోర్టుకి పెట్టి, విండోస్ 10 లో బొమ్మ వస్తోందో చూసుకుని, అప్పుడు బయోస్ ముట్టుకోండి. పేజ్‌మేకర్‌కీ టాలీకీ ఆ కార్డుతో అవసరమే లేదు.

ఇక తెలుగు పని. అను ఫాంట్లు మామూలు ట్రూటైప్ ఫైళ్లే, 11 లో కూడా అలాగే ఎక్కుతాయి. మీరు చూసుకోవాల్సింది కీబోర్డు పట్టుకునే స్క్రిప్ట్ మేనేజర్‌ని, మీ ప్రతికి డాంగిల్ ఉంటే దాని డ్రైవర్‌ని. విండోస్ 11 లో 32 బిట్ ఎడిషనే లేదు. 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి, కానీ 32 బిట్ డ్రైవర్లు ఎక్కవు, 16 బిట్ ప్రోగ్రాములు అసలే నడవవు. మీది ఇప్పటికే 64 బిట్ విండోస్ 10 కాబట్టి ఈ గండం చాలావరకు దాటేసినట్టే. డాస్ కాలపు ఫాక్స్‌ప్రో బిల్లింగ్ లాంటివి 32 బిట్ విండోస్ మీద నడుపుకుంటున్నవాళ్లకి మాత్రం 11 అంటే ఆ ప్రోగ్రాముకి సెలవు చెప్పడమే.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001 లో, అడోబ్ దాని మీద పని ఆపేసింది 2004 లో. అది ఎక్కడ ఆగుతుందో ఏ కంపెనీ పూచీ ఇవ్వదు. మారేముందే ముఖ్యమైన ఫైళ్లన్నిటికీ పీడీఎఫ్ తీసి పెట్టండి. కొత్తగా చేసేవి యూనికోడ్‌లోకి తెచ్చుకుంటే మరీ మంచిది. తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లో 2019 నుంచే ఉంది, విడిగా ఏదీ వెయ్యక్కర్లేదు.

చిప్‌సెట్ మాస్టారు

కార్డు విషయం మంచి పట్టు పట్టారు. అవును, ముందు కార్డు తీసెయ్యండి.

గాజువాక గడియారం

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాదీ ఇదే ప్రశ్న, మెషిన్ మాత్రం పాతది: ఐ3-4150, హెచ్81 బోర్డు, 4 జీబీ. రూఫస్ అనే టూలుతో ఇన్‌స్టాల్ పెన్ డ్రైవ్ చేసి చెకింగులు దాటించి 11 వెయ్యొచ్చంటున్నారు. వేసెయ్యమంటారా?

చిప్‌సెట్ మాస్టారు

వెయ్యడం వీలవుతుంది. ఆ ప్రాసెసర్‌లో విండోస్ 11 24హెచ్2 వెర్షన్ అడిగే ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ సూచనలు ఉన్నాయి, బూట్ అవుతుంది. కోర్ 2 డుయో అయితే అదీ కాదు. అయినా నేను వద్దంటాను. అర్హత లేని మెషిన్లకి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వడం లేదు. నెలవారీవి వచ్చినా, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మామూలుగా దానంతటది రాదు. ప్రతిసారీ ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైలు) దింపుకుని మళ్లీ అదే దాటవేత చెయ్యాలి. బ్యాంకు పనులు జరిగే కంప్యూటర్‌ని అలాంటి స్థితిలో పెట్టడం సరికాదు.

మీకు ఈఎస్‌యూ (మద్దతు ఆగాక కూడా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం) ఉంది కదా. విండోస్ 10 కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14 తో ఆగింది. ఇళ్లలో వాడేవాళ్లకి భద్రతా అప్‌డేట్లు ఈ పథకం కింద 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ తెరిస్తే ఎన్‌రోల్ నౌ అన్న లింకు కనపడుతుంది. మూడు దారులు చూపిస్తుంది: సెట్టింగుల్ని క్లౌడ్‌కి సింక్ చేస్తే ఉచితం, లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. ఒకే అకౌంట్ మీద 10 కంప్యూటర్ల దాకా చేర్చుకోవచ్చు. లింకు కనపడకపోతే పెండింగ్ అప్‌డేట్లన్నీ వేసి మళ్లీ చూడండి.

ఉచిత దారిలో సెట్టింగులు సింక్ అయితే చాలు. డాక్యుమెంట్లు, ఫోటోల ఫోల్డర్లు ఆపేసుకోండి, లేదంటే వన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 5 జీబీ ఇట్టే నిండిపోతుంది.

పెంగ్విన్ పెదవాల్తేరు

గాజువాక గారూ, ఈఎస్‌యూ గడువు మీకు ఆలోచించుకునే సమయం మాత్రమే ఇస్తుంది. ఆ మెషిన్‌కి విండోస్ బదులు లినక్స్ మింట్ 22 చక్కగా సరిపోతుంది, దానికి 2029 ఏప్రిల్ దాకా మద్దతుంది. 4 జీబీతో నడుస్తుంది, డీడీఆర్3 స్టిక్ ఇంకొకటి పెట్టి 8 చేస్తే హాయి. ముందు పెన్ డ్రైవ్ నుంచి లైవ్‌గా బూట్ చేసి వైఫై, సౌండు, ప్రింటరు చూసుకోండి. డిస్క్ మీద ఏదీ మారదు.

ప్రింటరు దగ్గర మాత్రం దాపరికం లేకుండా చెప్పాలి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే హెచ్‌పీలిప్ (లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్ల డ్రైవర్) ప్లగిన్ ఒకసారి నెట్ నుంచి దింపుకోవాలి, ఎందుకంటే ఆ ప్రింటరుకి ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ కంప్యూటరే ఎక్కించాలి. ఎల్‌బీపీ 2900 కి కేనన్ సొంత క్యాప్ట్ పద్ధతి, మింట్‌లో అది తేలిగ్గా లొంగదు. ఆ ప్రింటరూ, డీఎస్‌సీ టోకెనూ, పేజ్‌మేకరూ మూడూ ఉన్న సాగరతీరం గారికి లినక్స్ నేనే వద్దంటాను.

గాజువాక గడియారం

నా దగ్గర 1020 యే ఉంది. ఈఎస్‌యూలో చేరి, ఈలోగా మింట్ లైవ్‌లో చూస్తాను.

పద్దుల పుస్తకం

సాగరతీరం గారూ, డీఎస్‌సీ, టాలీ నాకు తెలిసిన పని కాబట్టి చెబుతున్నా.

మొదటిది తేదీ. నెలవారీ అయితే జీఎస్‌టీఆర్-1 కి 11, 3బీ కి 20 గడువు. త్రైమాసిక పద్ధతిలో ఉంటే మన రాష్ట్రానికి 3బీ గడువు తర్వాతి నెల 22. ఈ పనంతా గడువు దాటాక, 23 నుంచి నెలాఖరు మధ్యలో పెట్టుకోండి. టోకెన్ మొరాయిస్తే సరిచేసుకోవడానికి పది రోజులైనా చేతిలో ఉంటాయి.

డీఎస్‌సీ కీ టోకెన్ లోపలే ఉంటుంది, కంప్యూటర్‌లో కాదు. విండోస్ మార్చినా, డిస్క్ ఫార్మాట్ చేసినా సంతకం ఎక్కడికీ పోదు. ఇబ్బంది పెట్టేది డ్రైవర్. 11 లో విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ అన్న చోట మెమరీ ఇంటెగ్రిటీ ఉంటుంది. పాత డ్రైవర్లని అది అడ్డుకుంటుంది, ఏవి సరిపడవో జాబితా కూడా చూపిస్తుంది. అందులో మీ టోకెన్ డ్రైవర్ కనపడితే మెమరీ ఇంటెగ్రిటీని ఆపెయ్యకండి. పాత టోకెన్ సాఫ్ట్‌వేర్ తీసేసి, తయారీదారు సైటు నుంచి కొత్త వెర్షన్ వెయ్యండి. ఆ తర్వాత ఎమ్‌సైనర్‌ని (జీఎస్‌టీ సైటులో సంతకం పెట్టించే ప్రోగ్రాము) కూడా తీసి మళ్లీ వేసి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. సర్టిఫికెట్ కనపడలేదని పిన్‌ని పదేపదే కొట్టకండి, టోకెన్ లాక్ అయిపోతే సర్టిఫికెట్ మళ్లీ తీసుకోవాల్సిన పరిస్థితి రావచ్చు.

టాలీలో డిస్క్ మార్చేముందు లైసెన్స్ సరెండర్ చెయ్యండి, కొత్త డిస్క్ మీద స్థిరపడ్డాక తిరిగి యాక్టివేట్ చేసుకోండి. డేటా ఫోల్డరు డీ లో ఉందా? ఉంటే క్లోనింగ్ తర్వాత టాలీకి ఆ దారి దొరకదు. జీపీటీ మార్పిడి అయ్యాక ఎస్‌ఎస్‌డీలో మిగిలిన ఖాళీలో ఒక పార్టిషన్ చేసి దానికి డీ అక్షరమే ఇచ్చి, డేటా ఫోల్డరుని అదే పేరుతో అందులో పెట్టండి.

సాగరతీరం

డేటా డీ లోనే ఉందండీ. బాగా గుర్తు చేశారు. విండోస్ లైసెన్స్ గురించి ఏమైనా చూసుకోవాలా? మెషిన్ షాపులో అసెంబుల్ చేయించింది.

చిప్‌సెట్ మాస్టారు

తప్పకుండా. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎల్‌ఎంజీఆర్ /ఎక్స్‌పీఆర్ కొట్టండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని వస్తే 11 కి ఖర్చు లేకుండా అదే లైసెన్స్ చెల్లుతుంది, హోమ్ నుంచి హోమ్‌కే వెళ్తారు. అలా కాక గడువు తేదీ ఏదైనా చూపిస్తే అది కేఎంఎస్ టూలుతో (లైసెన్స్ లేకుండా యాక్టివేట్ చేసే దొంగ టూలు) చేసిన యాక్టివేషన్. అలాంటి మెషిన్ మీద సంతకాలూ బ్యాంకు పనులూ చెయ్యడం ప్రమాదం. ఆ టూలుతో పాటు ఏమేం దూరాయో ఎవరికీ తెలీదు. అప్పుడు అప్‌గ్రేడ్ మాట పక్కన పెట్టి, అసలు లైసెన్స్ కొని క్లీన్ ఇన్‌స్టాల్ చెయ్యడమే దారి.

ఆఫీస్ 2016, 2019 వాడుతుంటే వాటికి కూడా మద్దతు అదే 2025 అక్టోబరు 14 తో ముగిసిందని గుర్తుంచుకోండి.

సాగరతీరం

శాశ్వత యాక్టివేషనే అని వచ్చింది. ఆఫీస్ వాడను. మరి కరెంటు సంగతి? యూపీఎస్ 600 వీఏ, బ్యాటరీ మార్చి మూడేళ్లు దాటింది.

చిప్‌సెట్ మాస్టారు

మూడేళ్లు దాటిన 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీని నమ్మకండి, ముందు అది మార్చండి. కొత్తదైనా డెస్క్‌టాప్‌ని పావుగంట లాగితే గొప్ప. ఎస్‌ఎస్‌డీ మీద అప్‌గ్రేడ్‌కి గంట, గంటన్నర పట్టొచ్చు. అందుకని ఈపీడీసీఎల్ మరమ్మతుల కోత లేని రోజు చూసుకోండి, అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో అసలు పెట్టుకోవద్దు. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోతే సెటప్ చాలావరకు తనే వెనక్కి తిరిగి విండోస్ 10 ని నిలబెడుతుంది. డిస్క్ మార్పిడి జరిగే ఆ ఒకటి రెండు నిమిషాలు, బయోస్ అప్‌డేట్ చేస్తే ఆ కొద్ది నిమిషాలు, ఇవే గండాలు. అవి యూపీఎస్ లేకుండా చెయ్యకూడదు.

సముద్రం దగ్గర ఇల్లన్నారు కాబట్టి పెట్టె తెరిచినప్పుడే రెండు చూడండి. ఉప్పు గాలిలోని తేమకి ర్యామ్ కాంటాక్టులు మసకబారతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. రెండోది బోర్డు మీద బయోస్ సెట్టింగుల్ని నిలిపే సీఆర్2032 సెల్లు. ప్లగ్ తీసి పెట్టినప్పుడు తేదీ వెనక్కి పోతుంటే అది అయిపోయినట్టే. ఈ సెల్లు బలహీనపడితే విండోస్ 11 వేశాక అసలు తలనొప్పి మొదలవుతుంది. కరెంటు పోయినప్పుడల్లా బయోస్ పాత సెట్టింగులకి వెళ్తుంది, సీఎస్‌ఎం తిరిగి ఆన్, పీటీటీ ఆఫ్. మెషిన్ బూట్ కాదు, ఎన్‌క్రిప్షన్ ఉంటే రికవరీ కీ అడుగుతుంది. కొత్త సెల్లు వేసి మీటరుతో 3 వోల్టులు ఉందని చూసుకున్నాకే బయోస్ మార్పులు చెయ్యండి.

అన్నీ అయ్యాక 11 ఐఎస్ఓ ఫైలు దింపి, దాని మీద డబుల్ క్లిక్ చేసి సెటప్ నడపండి. ఫైళ్లూ యాప్‌లూ రెండూ ఉంచు అన్న ఆప్షన్ ఎంచుకోవాలి. ఇలా మారితే ఇప్పుడున్న లోకల్ అకౌంట్ అలాగే ఉంటుంది. సీ లో 30 జీబీ ఖాళీ ఉంచండి. 0ఎక్స్‌సీ1900101 తో మొదలయ్యే తప్పు వచ్చి వెనక్కి తిరిగితే అది దాదాపు ఎప్పుడూ డ్రైవర్ గొడవే. టోకెన్, ప్రింటరు, డాంగిల్ అన్నీ పీకేసి, బయటి యాంటీవైరస్ ఉంటే తీసేసి, మళ్లీ ప్రయత్నించండి.

పెంగ్విన్ పెదవాల్తేరు

సెక్యూర్ బూట్ గురించి ఒక్క మాట చేరుస్తాను. అర్హతకి సెక్యూర్ బూట్ చెయ్యగల ఫర్మ్‌వేర్ ఉంటే చాలు, ఆన్‌లో ఉండాలన్న నిబంధన లేదు. అయినా ఆన్ చెయ్యండి. 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లకి గడువు 2026 జూన్ నుంచి వరసగా తీరుతుంది, వాటి స్థానంలో 2023 నాటివి విండోస్ అప్‌డేట్ ద్వారా వస్తాయి. గడువు తీరినంతమాత్రాన కంప్యూటర్ ఆగిపోదు, బూట్ స్థాయి రక్షణలు కొత్తవి రావడం ఆగుతుంది. బోర్డు తయారీదారు సైటులో కొత్త బయోస్ ఉందేమో ఇదే సందర్భంలో చూసుకోండి. బయోస్ కొత్తది వేస్తే సెట్టింగులన్నీ మొదటికి పోతాయి, కాబట్టి ఆ పని ముందు, పీటీటీ, సీఎస్‌ఎం మార్పులు తర్వాత.

సాగరతీరం

చివరి ప్రశ్న. మారాక పేజ్‌మేకరో ప్రింటరో ససేమిరా అంటే?

డాబాగార్డెన్స్ డీటీపీ

ఎల్‌బీపీ 2900 కి 64 బిట్ డ్రైవర్ సెటప్ ఫైలు ఇప్పుడే దింపి పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి. మారాక ప్రింటరు పలక్కపోతే దాన్ని జాబితాలోంచి తొలగించి, కేబుల్ పీకి, సెటప్ నడిపి, అది అడిగినప్పుడే కేబుల్ పెట్టండి. ముందే పెడితే విండోస్ వేరే డ్రైవర్ తగిలించేస్తుంది.

చిప్‌సెట్ మాస్టారు

వెనక్కి వెళ్లడానికి సెట్టింగ్స్‌లో, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది, గడువు 10 రోజులే. 11 లోకి వెళ్లిన మొదటి రోజే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ /ఆన్‌లైన్ /సెట్-ఓఎస్అన్ఇన్‌స్టాల్‌విండో /వాల్యూ:60 కొడితే అది 60 రోజులవుతుంది. ఒక దాఖలు గడువు పూర్తిగా గడిచేదాకా చూసుకోవచ్చు. ఈలోగా డిస్క్ క్లీనప్‌లో విండోస్.ఓల్డ్ ఫోల్డరుని చెరపకండి, గో బ్యాక్ దాని మీదే ఆధారపడింది.

పీకి పెట్టిన హార్డ్ డిస్క్‌లో మీ విండోస్ 10 యథాతథంగా ఉంది. కరపత్రం పని మరీ ఆగితే ఎస్‌ఎస్‌డీ పీకి దాన్ని తగిలించి, బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపి, సీఎస్‌ఎం ఆన్ చేస్తే బూట్ అవుతుంది. ఎస్‌ఎస్‌డీలో ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే మాత్రం ఈ మార్పులకి ముందు బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఆ డిస్క్‌తో పనిచేసేటప్పుడు నెట్ కేబుల్ పీకెయ్యండి. దాన్ని యాంటీస్టాటిక్ కవరులో, సిలికాజెల్ పొట్లంతో, గాలి చొరని డబ్బాలో పెట్టండి. మూడు నెలలకోసారి తగిలించి తిరుగుతోందో లేదో చూస్తుండండి.